నాకు ముప్ఫై ఎనిమిది వేసిన థోర్ప్ సార్

హొరేషియో థోర్ప్ సార్ నాకు ఇంగ్లీషులో ముప్ఫై ఎనిమిది మార్కులు వేశాడు. పద్నాలుగేళ్లయింది. ఇవాళ్టికీ ఆ అంకె తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి. ఆయన వచ్చే నెల రిటైరవుతున్నాడనీ, ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమనీ స్కూలువాళ్లు నన్నడిగారు. రాస్తాను. ఇప్పుడు నేనూ అదే స్కూల్లో టీచర్ని, తప్పించుకునే దారి లేదు. కానీ ముందు నా కోపం కక్కనివ్వండి. అది గొంతుకు అడ్డం ఉంటే మంచి మాట బయటికి రాదు.

ఆయనది ఫ్రీటౌన్. నదికి ఆ వైపు సియెర్రా లియోన్, ఈ వైపు మేము, లైబీరియా. మా ఊరు కేప్ మౌంట్ కొండ కింద, సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉంటుంది. ఇక్కడి కేమా అనే ఆవిడ చేపలు పొగబెట్టి, బుట్టలకెత్తి ఫ్రీటౌన్ దాకా తీసుకెళ్లి అమ్మేది. ఒక ఏడాది వెళ్లి మూడు నెలలు తిరిగి రాలేదు. వచ్చినప్పుడు బుట్టలు ఖాళీ, పక్కన ఒక మనిషి. ‘‘చేపలు అమ్ముకురమ్మంటే మొగుణ్ణి కొనుక్కొచ్చింది’’ అని రేవులో నవ్వుకున్నారు. ఆయన అక్కడ పదిహేనేళ్లు పాఠాలు చెప్పిన మాస్టారు. ‘‘నా పొయ్యిలు వదిలి నేను రాను. నీకు కావాలంటే నువ్వే రా’’ అందట కేమా. ఆయన వచ్చేశాడు. ఒక పెట్టె, ఒక నల్ల గొడుగు, మూత పెట్టిన ఒక రేకు గొట్టం. ఆ గొట్టంలో ఆయన సర్టిఫికెట్లు.

ఎండ నెత్తి మాడుస్తున్నా మెడలో టై, కాళ్లకు మోకాళ్ల దాకా సాక్సులు. నాలుగయ్యేసరికి డబ్బా పాలు పోసిన టీ తాగాల్సిందే, ఇల్లు కూలిపోతున్నా సరే. మేం చెయ్యి కలిపితే చివర్లో వేళ్లు వేళ్లు తగిలించి చిటిక వేస్తాం కదా, ఆయన మధ్యలోనే చెయ్యి లాక్కునేవాడు. చిటిక పడకపోతే ఎదుటివాడు ఏమనుకుంటాడు? ఈ మనిషికి నేనంటే గిట్టదు అనుకుంటాడు. అలా వచ్చిన నెలలోనే సగం ఊరికి ఆయన మీద చిన్న చిన్న అలకలు పుట్టాయి.

మేం పన్నెండో గ్రేడులో పదకొండు మందిమి. ఏడాది చివర్లో, అక్టోబరులో, మా ఇంగ్లీషు మాస్టారు డన్ సార్ ఇనుప గనుల కంపెనీలో ఉద్యోగం దొరికిందని ఒక సోమవారం చెప్పా పెట్టకుండా వెళ్లిపోయాడు. పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి. ప్రిన్సిపాల్ అగస్టా కసెల్ గారు ఊరంతా వెతికి, చివరికి కేమా ఇంటి వసారాలో టీ తాగుతున్న ఈయన్ని పట్టుకొచ్చింది. ఆ హడావిడిలో మార్కుల సంగతి ఆమె చెప్పలేదు, ఈయన అడగలేదు. వంటవాణ్ణి పెట్టుకునేటప్పుడు ఉప్పు ఉప్పగా ఉంటుందని ఎవరైనా చెబుతారా? అలాగే అనుకున్నారు ఇద్దరూ.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మ పేరు మాసా, రేవులో కాలా అమ్ముతుంది. పిండి ఉండలు నూనెలో వేయించి, వేడి వేడిగా పడవలవాళ్లకు. బడి మెట్టు ఎక్కిన మనిషి కాదు. మా నాన్న నా రెండో ఏట సముద్రంలో పోయాక ఆ మూకుడు మీదే నన్ను పన్నెండో గ్రేడు దాకా లాక్కొచ్చింది. మా వంశంలో పన్నెండు దాటబోయే మొదటిదాన్ని నేను. డిసెంబరు రెండో ఆదివారం గ్రాడ్యుయేషన్. నీలం గౌనూ, నెత్తిన పలక టోపీ పెట్టుకుని వేదిక మీదికి నడిచి డిప్లమా పుచ్చుకోవడం. ఆ నడక చూడాలని మా అమ్మ పదేళ్ల నుంచి బతుకుతోందంటే అబద్ధం కాదు.

ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, పరీక్షలు రాయకముందే అన్నీ సిద్ధం. బోకాయ్ టైలరు గౌను కుట్టేశాడు. మన్రోవియాలో పదకొండు పేర్లతో కార్యక్రమ పత్రం అచ్చయి వచ్చింది. సరస్సు అవతలి మూడు పల్లెల చుట్టాలకు అమ్మ కబురు పంపింది. మేకను కట్టేసింది. ఆ మేకకు నా పేరే పెట్టింది, నాకంటే అదే మాట వింటుందని.

పరీక్ష రోజు వచ్చింది. డన్ సార్ పరీక్షలు ఎలా ఉండేవో చెబితే గానీ నా పాపం మీకు అర్థం కాదు. ఒక వాక్యం ఇస్తాడు, ఒప్పో తప్పో రాయాలి. ఎడమ పక్క అయిదు, కుడి పక్క అయిదు, గీతలు గీసి జత చెయ్యాలి. ఖాళీలు నింపాలి. కళ్లు మూసుకుని రాసినా సగం తగిలేది. మేం పన్నెండేళ్లూ అలాగే ఎక్కాం. థోర్ప్ సార్ పేపరు తిప్పితే నాలుగే ప్రశ్నలు. మొదటిది ఇది: ‘చేపల మీద బతికే ఊరు మొక్కలు నాటడం నేర్చుకోదు. చర్చించండి.’

నేను చదివాను. మా పెరట్లో కర్రపెండలం ఉంది. అందుకని ‘తప్పు’ అని రాశాను. రాసి, కింద గీత గీసి, రెండో ప్రశ్నకు వెళ్లాను. దానికి అరపేజీ రాశాను. మూడోదానికి జత చేయడానికి ఏమీ లేకపోతే నేనే రెండు వరసలు తయారు చేసి జత చేశాను. నాలుగోది నచ్చలేదు. నలభై నిమిషాల్లో లేచి, ‘ఇంకా రాస్తున్నారేంటి వీళ్లు’ అని మిగతావాళ్ల మీద జాలిపడి, గౌను కొలత చూసుకోవడానికి బోకాయ్ కొట్టుకు పోయాను. మా క్లాసు సియాఫా ఏడు పేజీలు రాశాడని తర్వాత తెలిసింది.

సోమవారం రిపోర్టు కార్డులు ఇచ్చారు. మా దగ్గర పాసైన మార్కు నల్ల సిరాతో రాస్తారు, తప్పిన మార్కు ఎర్ర సిరాతో. చదువు రాని తల్లిదండ్రులు కూడా కార్డు తిప్పగానే రంగు చూసి కర్ర అందుకుంటారు. థోర్ప్ సార్ వాళ్ల దేశంలో మాస్టారన్నవాడు దిద్దేది ఎర్ర సిరాతోనే. కాబట్టి పదకొండు కార్డుల్లోనూ ఇంగ్లీషు గడి ఎర్రగా మెరుస్తోంది. సియాఫాకు అరవై ఎనిమిది. తర్వాత అరవై అయిదు, అరవై రెండు, అలా దిగుతూ దిగుతూ యాభై ఒకటి. అక్కణ్ణుంచి ఒక్క గెంతు కిందికి వేస్తే నేను.

‘‘పదిహేనేళ్లలో ఇంత మంచి క్లాసు నాకు తగల్లేదు నాయనా’’ అన్నాడు ఆయన నవ్వు మొహంతో. సియాఫా భోరుమన్నాడు. అవి ఆనందబాష్పాలనుకుని వాడి వీపు తట్టాడు మహానుభావుడు.

పాసు కావాలంటే డెబ్భై రావాలి. డెబ్భై ఎవరికీ లేదు. అంటే ఆదివారం గ్రాడ్యుయేషన్‌కు గ్రాడ్యుయేట్లే లేరు. మధ్యాహ్నానికల్లా ప్రిన్సిపాల్ గది కిటికీ కింద మేమందరం చేరి చెవులు రిక్కించాం.

‘‘థోర్ప్ గారూ, మా దగ్గర డెబ్భైకి పాసండీ’’ అంది కసెల్ గారు.

‘‘డెబ్భయ్యా? అమ్మా, డెబ్భై నేను నా జన్మలో ఎవరికీ వెయ్యలేదు. మా దగ్గర నలభై వస్తే పాసు. అరవై వస్తే వీధిలో చెప్పుకుంటారు.’’

‘‘మరి నూటికి నూరు ఎవరికి వేస్తారు?’’

‘‘ఎవరికీ వెయ్యం.’’

‘‘ఎవరికీ వెయ్యనిదాన్ని పెట్టుకోవడం దేనికి?’’

‘‘ఇంకా ఎంత దూరం పోవాలో తెలియద్దూ?’’

కసెల్ గారు నిట్టూర్చిన చప్పుడు కిటికీ దాకా వినిపించింది. ‘‘సరే. తలా ఒక పాతిక కలపండి. ఆదివారం గడిచిపోతుంది.’’

‘‘కలపను’’ అన్నాడాయన. ‘‘అరవై రెండని రాసి సంతకం పెట్టాను. రేపు ఎనభై ఏడంటే, ఇవాళ అబద్ధమాడినట్టా, రేపు ఆడినట్టా? మీరే చెప్పండి.’’

గొడుగు చేతిలో ఉంది గానీ ఏ ఎండకా గొడుగు పట్టే రకం కాదు. నాకు ఒళ్లు మండిపోయింది. పాతిక కలిపినా నాకు అరవై మూడే వస్తుందని లెక్క వేసుకునే ఓపిక కూడా లేదప్పుడు. అందరితో పాటు నేనూ గట్టెక్కేస్తాననే అనుకున్నాను. అమ్మకు కూడా అలాగే చెప్పాను. ‘‘క్లాసంతా పోయిందమ్మా, ఆ పరాయి దేశపాయన చేసిన పని’’ అన్నాను. నాకొచ్చిన అంకె మాత్రం చెప్పలేదు.

ఊరు ఊరుకుంటుందా? మంగళవారం నుంచి కేమా చేపలు ఒక్కరూ కొనలేదు. బుధవారం రేవులో అందరి ముందే మొగుణ్ణి పట్టుకుంది కేమా. ‘‘ఏమయ్యా, నీ మార్కులు తిని బతకమంటావా నన్ను? పాతిక కలిపితే నీ సొమ్మేం పోయింది?’’ ఆయన ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుని ఇంటికి నడిచాడు. టై కట్టుకుని నెత్తిన చేపల బుట్టతో నడిచే మాస్టార్ని చూసి తిట్టడానికి వచ్చినవాళ్లు కూడా దారి ఇచ్చారు.

తల్లిదండ్రులు జిల్లా ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు పంపారు. గురువారం ఆయన జీపులో దిగాడు. బొద్దుగా, తెల్ల సూటులో. స్కూలు వసారాలో కుర్చీ వేయించుకుని, ‘‘అసలు ఈ మాస్టారి చదువెంత? కాగితాలు తెమ్మనండి’’ అన్నాడు. మెట్ల మీదా కింద ఇసుకలోనూ ఊరంతా ఉంది. మా అమ్మ మూకుడు దించేసి వచ్చి మొదటి మెట్టు మీద కూర్చుంది.

థోర్ప్ సార్ రేకు గొట్టం మూత తీసి, లోపలి కాగితాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు తీసిచ్చాడు. నలభై తొమ్మిదిలో రాసిన పెద్ద పరీక్షది. ఆ పేపర్లు ఓడెక్కి ఇంగ్లండు వెళ్లి, అక్కడ దిద్దించుకుని, మళ్లీ ఓడెక్కి ఫలితాలుగా రావడానికి నెలలు పట్టేదట. ఇన్‌స్పెక్టరు కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు.

‘‘ఇంగ్లీషు, రెండు. లెక్కలు, నాలుగు. లాటిన్, ఆరు.’’ ఆగి, కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. ‘‘చరిత్ర, ఒకటి.’’

వసారా కూలిపోయిందేమో అన్నంత నవ్వు. ‘‘అయ్యో పాపం, అన్నిట్లోకీ లాటినే నయం’’ అన్నాడు బోకాయ్ టైలరు. ‘‘ఒక్క మార్కు వచ్చినాయన మా పిల్లల్ని తప్పించాడా’’ అని వెనక నుంచి ఇంకెవరో. నేనూ నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన చెయ్యి టై ముడి మీదికి పోయింది.

‘‘అవి మార్కులు కావండీ, తరగతులు’’ అన్నాడు ఆయన గబగబా. ‘‘ఒకటంటే అన్నిటికంటే మేలు. తొమ్మిదంటే తప్పినట్టు.’’

‘‘తక్కువొస్తే మేలా? ఎక్కడి లెక్కయ్యా ఇది?’’ అన్నాడు ఇన్‌స్పెక్టరు.

‘‘మా లెక్క అంతేనండీ. చరిత్రలో ఒకటంటే మీ లెక్క ప్రకారం తొంభై అయిదుకు తక్కువ ఉండదు. ఇంగ్లీషులో రెండంటే తొంభై వేసుకోండి.’’

అప్పుడు మా అమ్మ లేచింది. నడుముకు చుట్టుకున్న గుడ్డ సర్దుకుంది. మూకుడు దగ్గర పడవలవాళ్లతో బేరమాడే గొంతే, పెంచలేదు, తగ్గించలేదు.

‘‘సారూ, ఒక మాట అడుగుతాను, చదువు లేనిదాన్ని, తప్పయితే తిట్టండి. మీ ఒకటిని మా అంకెలోకి మార్చి చెప్పమంటే ఎంత చటుక్కున చెప్పారు. తొంభై అయిదన్నారు. అది అబద్ధమా?’’

‘‘అబద్ధం కాదమ్మా.’’

‘‘మీ కోసం తిరిగిన నోరు పిల్లల కోసం ఎందుకు తిరగదు?’’

ఎవరూ నవ్వలేదు.  ఇన్‌స్పెక్టరు చేతిలోని కాగితం థోర్ప్ సార్ తీసుకుని నెమ్మదిగా చుట్టి గొట్టంలో పెట్టాడు. మూత సరిగా పడలేదు. రెండోసారి పెట్టాడు.

‘‘ఈవిడ అడిగింది సబబే’’ అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. ‘‘పాతిక మాత్రం కలపను. పేపర్లన్నీ మళ్లీ చదువుతాను. ఇక్కడి మంచి మాస్టారు ఒకడు ఇదే పేపరుకు ఎంత వేస్తాడో కసెల్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకుంటాను. రెండు అంకెలూ రాసి రెండిటికీ సంతకం పెడతాను.’’

ఇన్‌స్పెక్టరు ఒప్పుకుని, పోతూ పోతూ ఆయనకూ ఒక మెలిక పెట్టాడు. ఈ దేశంలో పర్మనెంటు ఉద్యోగం కావాలంటే ఈ దేశ చరిత్రా పౌరశాస్త్రమూ పన్నెండో గ్రేడు స్థాయిలో చదివి పాసవ్వాలి, వాళ్ల చరిత్రలో ఒకటి ఇక్కడ చెల్లదు అన్నాడు. ఆ రోజు అమ్మను జనం భుజాల మీద ఎత్తుకోవడమొక్కటే తక్కువ. క్లాసంతటినీ ఒక్క మాటతో గట్టెక్కించింది మాసా అన్నారు. నేను మాత్రం ఇంటికొచ్చి గౌను తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను.

శనివారం పొద్దున్న జాబితా స్కూలు తలుపుకు అంటించారు. ప్రతి పేరు ఎదుటా రెండు అంకెలు. ఫ్రీటౌన్ అరవై ఎనిమిది, ఇక్కడ తొంభై మూడు. అది సియాఫాది. పాసైనవాటిలో అన్నిటికంటే కింది యాభై ఒకటి ఇక్కడ డెబ్భై ఆరయింది. అమ్మకు చదువు రాదు గానీ రంగులు తెలుసు. పది నల్లవి, చివర ఒకటి ఎర్రది. వేలు పెట్టి ఆ ఎర్రదాన్ని చూపిస్తూ పక్కనున్న సియాఫాను అడిగింది, ‘‘ఈ పాపిష్టిది ఎవరిదిరా?’’

సియాఫా నా వంక చూశాడు. వాడు చెప్పకపోయినా అమ్మకు తెలిసిపోయింది. ఫ్రీటౌన్ ముప్ఫై ఎనిమిది, ఇక్కడ యాభై ఎనిమిది. నదికి ఏ ఒడ్డున నిలబడి చూసినా నేను తప్పినదాన్నే.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. రేవు దాటి, చేపల పొయ్యిలు దాటి, కేమా ఇంటి వసారా దాకా లాక్కెళ్లింది. కేమా మమ్మల్ని చూసి చేతిలోని చేపల కత్తి పక్కన పెట్టేసింది. ఎందుకైనా మంచిదని కాబోలు.

‘‘సారూ, నిజంగా అంతేనా?’’ అంది అమ్మ.

ఆయన లోపలికి వెళ్లి నా పేపరు తెచ్చాడు. కుర్చీ వేసి అమ్మను కూర్చోమన్నాడు. తను నిలబడే ప్రశ్న చదివాడు. చేపల ఊరూ, మొక్కలూ, అంతా విడమరిచి చెప్పాడు.

‘‘దీనికి ఇది ఏం రాసింది?’’

‘‘తప్పు అని రాసిందమ్మా.’’

‘‘ఆ తర్వాత?’’

‘‘అంతే.’’

‘‘ఒక్క మాటేనా?’’

‘‘ఒక్క మాటే. కింద గీత గీసింది. గీత బాగుంది, తిన్నగా వచ్చింది.’’

అమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపు నేను మరిచిపోలేను. ‘‘ఇంట్లో నోరు మూయమంటే తెల్లవార్లూ మూయదు సారూ ఇది. ఉప్పు ఎక్కువైందని అరగంట సేపు వాదిస్తుంది. కాగితం మీదికొచ్చేసరికి ఒక్క మాటా?’’

నేను ఏడుపు మొదలుపెట్టాను. గ్రాడ్యుయేషన్ పోయిందని కాదు. అమ్మ ఊరందరి పిల్లల కోసం పోట్లాడి గెలిచింది, తన పిల్ల మాత్రం మిగిలిపోయింది. అంకె ముందే చెప్పి ఉంటే కనీసం చుట్టాలకు కబురు పంపి ఆపేది. సిగ్గుతో చచ్చిపోయాను.

‘‘ఆ వాదన దీనికి ఉందని నాకూ తెలుసు’’ అన్నాడు థోర్ప్ సార్. ‘‘అది కాగితం మీదికి దించాలి, అంతే. జనవరి నుంచి రోజూ నాలుగింటికి పంపండి. టీ కూడా ఇస్తాను.’’

‘‘టీ వద్దు, రెండు తగిలించండి’’ అంది అమ్మ.

ఆదివారం చుట్టాలు పడవల్లో దిగనే దిగారు. వద్దనే వ్యవధి లేదు. అమ్మ మేకను కోసింది, అన్నం వార్చింది, కర్రపెండలం ఆకు కూర వండింది. ‘‘పిల్లేది, గౌనేది?’’ అని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పింది: ‘‘ఇది రిహార్సలు. వచ్చే ఏడు అసలుది. మళ్లీ రండి, ఆకలితో రండి.’’ వాళ్లు తిని, నన్ను ఓదార్చి, మిగిలింది మూటగట్టుకుపోయారు.

ఆ మరుసటి ఏడాది నా జీవితంలో చిత్రమైన ఏడాది. పొద్దున థోర్ప్ సార్ నాకు ఇంగ్లీషు చెప్పేవాడు. గంట కొట్టగానే సుద్ద ముక్క పెట్టేసి, వచ్చి నా పక్క బెంచీ మీద కూర్చునేవాడు, దేశ చరిత్ర చదవడానికి. నలభై నాలుగేళ్ల మనిషి మోకాళ్లు బల్ల కింద పట్టక పక్కకి తిరిగి కూర్చునేవాడు. చరిత్ర చెప్పే కుర్ర మాస్టారు భయపడి ఆయన్ని ప్రశ్న అడిగేవాడు కాదు. ఈయనే చెయ్యెత్తి నిలబడేవాడు. ఒకరోజు పాఠం మధ్యలో నా చెవి దగ్గర గొణిగాడు, ‘‘అమ్మాయ్, ఆ ప్రెసిడెంటు ముందా, ఈ ప్రెసిడెంటు ముందా? నాకు కలిసిపోతున్నారు.’’ నేను చెప్పాను, లెక్కగా రెండు కాలా ఉండలకు.

సాయంత్రం నాలుగింటికి ఆయన వసారాలో నా వంతు. మొదటి నెల అదే ప్రశ్న. ‘తప్పని రాశావుగా, ఎందుకో చెప్పు’ అన్నాడు. మా పెరటి కర్రపెండలం గురించి రాశాను. చాలదన్నాడు. పెండలం నాటింది చేపలవాడి పెళ్లాం, చేపలు పడని నెలల్లో పిల్లలకు పెట్టడానికి, అని రాశాను. ‘‘ఆఁ, ఇప్పుడు కదులుతోంది’’ అన్నాడు. రెండో నెల ఒప్పని రాయించాడు. అదీ నమ్మేటట్టు రాయాలట. మా అమ్మతో చెబితే, ‘‘రెండు పక్కలా వాదించడం నేర్పుతున్నాడా? ఇక ఈ ఇంట్లో నాకు నిద్ర లేదు’’ అంది. పెద్ద వాన పడిన నెలల్లో కూడా గొడుగు పట్టుకుని నన్ను ఇంటి దాకా దిగబెట్టేవాడు. మొట్టమొదట ఫ్రీటౌన్ అరవై వేసిన రోజున నేను రేవు దాకా పరుగెత్తాను. నల్లగా డెబ్భై దాటిన రోజున కూడా అంత పరుగెత్తలేదు.

డిసెంబరు వచ్చింది. నాకు ఇంగ్లీషులో ఫ్రీటౌన్ అరవై ఆరు, ఇక్కడ తొంభై ఒకటి. ఆయనకు చరిత్రలో కుర్ర మాస్టారు తొంభై ఆరు వేశాడు. థోర్ప్ సార్ పేపరు పట్టుకుని ఆఫీసుకు పోయి పేచీ పెట్టాడు. రెండో జవాబులో తారీఖు తప్పు రాశాననీ, తొంభై ఆరు అన్యాయమనీ, కనీసం ఎనిమిది తగ్గించమనీ. కసెల్ గారు, ‘‘బయటికి నడవండి, ఇది మీ దేశం కాదు’’ అని తలుపేసింది.

తర్వాత ఆమే ఒకరోజు క్లాసుకొచ్చి అంది, చరిత్రా పౌరశాస్త్రమూ పాసై, మిగతావి పాత సర్టిఫికెట్లతో సరితూగాయి కనుక థోర్ప్ గారికి మన డిప్లమా ఇవ్వచ్చని పైనుంచి ఉత్తరం వచ్చిందని. ‘‘మీతో పాటు నడుస్తారా ఆయన?’’ అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ‘‘నాకెందుకండీ ఇవన్నీ. మా దగ్గర ఈ గౌన్లూ నడకలూ లేవు. ఫలితాలు గోడకి అంటిస్తారు. వానలో వెళ్లి నా పేరు చూసుకున్నాను. అప్పటికి మా అమ్మా నాన్నా లేరు. ఇంటికొచ్చి రొట్టె తిని పడుకున్నాను. అక్కడితో అయిపోయింది.’’

ఆయన మామూలుగానే చెప్పాడు.  చరిత్రలో ఒకటి తెచ్చుకున్నవాడికి ఆ రోజు ఎదురుగా రొట్టె పెట్టిన మనిషి కూడా లేడు. ఆ ఒకటిని పట్టుకునే మేం కడుపులు పట్టుకుని నవ్వాం. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ‘‘సార్, మీరు నడవకపోతే నేనూ నడవను’’ అన్నాను. ‘‘ఇంకో ఏడాది ఇక్కడే కూర్చుంటాను. రోజూ నాలుగింటికి వస్తాను.’’ ఆ బెదిరింపు పని చేసింది. బోకాయ్ టైలరు ఆయన గౌను రెండు రోజుల్లో కుట్టాడు, కూలి తీసుకోలేదు.

ఆదివారం. చుట్టాలు ఆకలితో వచ్చారు. మా దగ్గర పేరు పిలవగానే ఆ పిల్లవాడి తరపు ఆడవాళ్లు కేకలు పెడుతూ ముందుకొచ్చి, నడుముకు చుట్టుకున్న పై గుడ్డలు విప్పి నేల మీద పరుస్తారు. వాటి మీదుగా నడిచి వేదిక ఎక్కాలి. నా పేరు పిలిచినప్పుడు మూడు పల్లెల గుడ్డలు పరిచారు. అమ్మది అన్నిటికంటే ముందు. ఆవిడ నా ముందు వెనక్కి నడుస్తూ, నా మొహమే చూస్తూ, నా కాళ్ల కింద ముడతలు సర్దింది. ఆ నడక ఎలా ఉందని ఇప్పుడడిగితే నేను చెప్పలేను, కళ్లు కనపడితే కదా.

చివరి పేరు హొరేషియో థోర్ప్. ఆయన లేచాడు. కేమా ఒక్కతే కేక పెట్టి తన గుడ్డ పరిచింది. అది మూడు అడుగులకు సరిపోయింది. వేదిక ఇంకా ఇరవై అడుగులుంది. ఆయన మనుషులందరూ నది అవతల. ఆయన ఆ గుడ్డ చివర ఆగి, పక్కనుంచి ఇసుకలో నడిచిపోదామని కాలు బయట పెట్టబోయాడు.

‘‘ఆగండి సారూ’’ అని మా అమ్మ లేచింది. నా కోసం పరిచిన గుడ్డ దులిపి తీసుకెళ్లి కేమా గుడ్డ పక్కన పరిచింది. ‘‘మావాడు, మావాడు’’ అని అరిచింది, ఆయన తనకంటే అయిదేళ్లు పెద్దయినా. సియాఫా వాళ్లమ్మ లేచింది. కిందటేడు కేమా దగ్గర చేపలు మానేసిన వాళ్లందరూ లేచారు. ఎర్రవీ పచ్చవీ గుడ్డలు ఒకదాని వెనక ఒకటి వేదిక మెట్ల దాకా పడ్డాయి.

ఆయన బూట్ల వంక చూసుకున్నాడు. తర్వాత వంగి, రెండు బూట్లూ విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఎడమ సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లుంది. నలభై నాలుగేళ్ల మనిషి గౌనూ టోపీతో, చేతిలో బూట్లతో, ఆ గుడ్డల మీద ఒక్కొక్క అడుగూ మెల్లగా వేసుకుంటూ ఏడుస్తూ నడిచాడు. కసెల్ గారు డిప్లమా పట్టుకుని పైన నిలబడింది. ‘‘తొందరేం లేదు సారూ, మెల్లగా నడవండి’’ అంది మా అమ్మ, పక్కనే నడుస్తూ. ‘‘గుడ్డలు ఉతుక్కుంటాం.’’